ముసలి కుందేలునకు వైద్యము చేయింపవలెనా?

ఎద్దు కుంటినప్పుడు గాని, పాడిబఱ్ఱె మేత మానినప్పుడు గాని వైద్యము చేయింపవలెనా యని మన సభ్యులలో నెవరును మమ్ము అడుగరు. చేయింతురు, చేయింపజాలని నాడు బాధపడుదురు. 2025 వేసవిలో మాత్రము కోహెడ మండలములోని యొక సభ్యుడు సంఘ కార్యాలయమునకు వచ్చి, ఎరువుల రసీదు తీసికొని, వెళ్ళుటకు లేచి, మరల కూర్చుండి, కొంత సిగ్గుతో నొక ప్రశ్న వేసెను. తన యింట ఏడేండ్ల కుందేలు కలదనియు, దాని పండ్లకు వచ్చిన రోగము పూర్తిగా మానునది కాదని వైద్యుడు చెప్పెననియు, మానని రోగమునకు, అందులోను కుందేలు రోగమునకు, ఎంతవరకు ఖర్చు పెట్టుట న్యాయమో చెప్పవలసినదనియు ఆ ప్రశ్న. మేము మొదట నవ్వితిమి. ఆయన నవ్వలేదు. అందుచేత మరునాడు వారి యింటికి పోయి చూచితిమి. అటుతరువాత ఆగస్టు నెలవరకు ఎన్నిమారులు పోయితిమో లెక్కలేదు.

ఆ కుందేలు మన చేలలో తిరుగు చెవులపిల్లి కాదు. చెవులపిల్లి వేఱు జాతి. దానిని పట్టుట, చంపుట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. ఇండ్లలో పెంచు తెల్ల కుందేలు స్పెయిను, పోర్చుగల్ దేశముల ప్రాంతమున పుట్టి, మనుష్యుని వెంట లోకమంతట వ్యాపించినది. ఈ యింటి కుందేలును 2018లో హుస్నాబాదు పోయినపుడు, ఒకటవ తరగతి చదువుచున్న కుమారునకు తండ్రి కొనియిచ్చెను. బాలుడు దానికి మల్లి యని పేరు పెట్టెను. ఇప్పుడాతడు ఎనిమిదవ తరగతి. పశువుల కొట్టములో నొక మూల చెక్కపెట్టెయే మల్లికి ఇల్లు. ఇండ్లలోని కుందేళ్ళు సాధారణముగ ఎనిమిది మొదలు పండ్రెండు సంవత్సరములు బ్రతుకును. అంత బ్రతుకునని కొన్ననాడు ఆ తండ్రికి తెలియదు, మాకును తెలియదు.

రోగము సంగతి వివరముగా చెప్పవలెను. కుందేలు నోట 28 పండ్లుండును. అవి మన పండ్లవలె ఒకమారు మొలిచి ఆగిపోవునవి కావు. బ్రతికినంతకాలము పెరుగుచునే యుండును. ముందు పండ్లు వారమునకు రెండు మిల్లీమీటర్లకు పైగా పెరుగును. దవడ పండ్లును నెమ్మదిగా పెరుగుచుండును. ఈ పెరుగుదలను అరగదీయునది గరుకైన గడ్డి యొక్కటే. గడ్డిని నమలునపుడు దవడ ప్రక్కకు కదలి, తిరుగలిరాళ్ళవలె పండ్లు ఒకదానినొకటి రాచుకొనును. అన్నము, తవుడు, బిస్కత్తులు మెత్తనివి. వానిని తినుటకు ఆ కదలిక యక్కరలేదు. మల్లి యేడేండ్లు ప్రేమతో పెట్టిన అన్నమును, తేనీటి వేళ పిల్లవాని చేతి బిస్కత్తును తిని పెరిగినది. దవడ పండ్ల అంచులు అరగక ముండ్లవలె మొలచి, క్రిందివి నాలుకను, పైవి బుగ్గను కోయసాగినవి. చొంగ కారి గడ్డము క్రింది వెండ్రుకలు తడిసి ఊడిపోయినవి. ఆకలితో మేత దగ్గఱకు పరుగెత్తి వచ్చుట, నోట పెట్టుకొని వదలివేయుట, ఇదియే గుర్తు. మేత వద్దనుకొన్నదని యింటివారు తలచిరి. వద్దనుకొన్నది కాదు, నమలలేకపోయినది.

ఇందులో ఎవరిని నిందింపవలెను? ప్రేమచేత పెట్టినదే రోగమైనది. ఈ మాట ఆ తల్లిదండ్రులకు చెప్పుటకు మాకు మనసు రాలేదు. వైద్యుడు చెప్పియే యుండెను.

వైద్యుని యొద్దకు పోకమునుపు జరిగిన యొక పొరపాటును మాత్రము తప్పక చెప్పవలెను. మనుష్యులకు మందులమ్ము ఒక దుకాణమున, పిల్లలకిచ్చు అమాక్సిసిలిన్ తియ్యని మందు నిచ్చి పంపిరి. రెండు దినములలో విరేచనములు పట్టుకొన్నవి. కుందేలు పెద్దప్రేగులో గడ్డిని పులియబెట్టు సూక్ష్మజీవులుండును. అవియే దాని జీర్ణశక్తి. పెన్సిలిన్ జాతి మందులు నోటివెంట పోయినచో ఆ మంచి జీవులు నశించి, చెడ్డవి పెరిగి, విషము పుట్టి, తఱచు ప్రాణమే పోవును. ఈగలు, గోమార్లకు కుక్కలపై చల్లు ఫిప్రోనిల్ కూడ కుందేలునకు విషమే. మల్లి బ్రతికినది. అది అదృష్టము, మందు గుణము కాదు.

మన పశువైద్యుడు నిష్కపటముగా మాటాడెను. పశువులు, గొఱ్ఱెలు, మేకలు, కోళ్ళు తమ నిత్యపు పని యనియు, కుందేలు నోటిలోనికి పోవు సన్నని పనిముట్టు తమయొద్ద లేదనియు చెప్పి, హైదరాబాదు పొమ్మనెను. కోహెడనుండి నూఱు కిలోమీటర్లు దాటిన దారి. ఫిబ్రవరి మొదట తండ్రీకొడుకులు పోయిరి. అచ్చట మత్తుమందిచ్చి, చిన్న ఆకురాయి వంటి తిరుగు పనిముట్టుతో ముండ్లను అరగదీసిరి. ఇంటికి వచ్చిన మరునాడే మల్లి గరిక నమిలినది. రెండు కిలోల నూఱు గ్రాములున్నది, మూడు వారములలో రెండు కిలోల మూడువందలకు వచ్చినది. బస్సు, ఆటో, భోజనము, వైద్యము అన్నియు కలిపి పది యూరియా బస్తాల వెలకు మించిన ఖర్చు. అయినను ఇంట పండుగవలె నుండెను.

ఏడు వారములకు చొంగ మరల మొదలైనది. మార్చి చివర రెండవ ప్రయాణము. ఈమారు అయిదు వారములకే మరల చొంగ. మేము పోయి చూచునప్పటికి మూడవ ప్రయాణము సంగతి ఇంట వాదోపవాదములలో నుండెను.

ఈ వాదములో ఎద్దు మాట మొదట తెచ్చినది మేమే. ఆ యింటి పెద్దాయన బ్రతికియున్న కాలమున ఒక ఎద్దునకు కొమ్ము క్యాన్సరు వచ్చిన సంగతి మాకు తెలియును. మన దేశపు పని ఎద్దులకు ఎక్కువగా వచ్చు వ్యాధి యది. తల విదిలించుట, కొమ్మును గుంజకు రాచుకొనుట, ఆ వైపు ముక్కు రంధ్రమునుండి నెత్తురు కారుట, కడకు కొమ్ము వదులై వ్రేలాడుట. ఆయన తొలి గుర్తు చూచినంతనే వైద్యుని పిలిపించి కొమ్మును మొదలంట తీయించెను. గాయము మానినది; ఎద్దు నాలుగేండ్లు నాగలి లాగినది. అది ఒక్కమారుతో తీరిన చికిత్స. అట్టిచోట ఖర్చు ఎక్కువైనను నిర్ణయము సులభము. మల్లి రోగము అట్టిది కాదు. పండు పెరుగుట ఆగదు గనుక చికిత్సయు ఆగదు. ఏడు వారములకొకమారు చొప్పున లెక్కించినను సంవత్సరమునకు ఏడు ప్రయాణములు, డెబ్బది బస్తాల వెల. కాబట్టి రోగము పేరు తెలియుట చాలదు. చికిత్స యొక్కమారుతో తీరునదా, లేక జీవితాంతము తిరిగి తిరిగి చేయవలసినదా యని మొట్టమొదటనే వైద్యుని అడుగవలెను. అడుగనిచో వైద్యులు తమంత చెప్పుట అరుదు. వారికి వెనుక వరుసలో వేఱు జంతువులు వేచియుండును.

మత్తుమందు విషయము కూడ చిన్నది కాదు. ఇంగ్లండున జరిగి 2008లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశీలనలో, మత్తుమందు పొందిన కుక్కలలో వేయింటికి సుమారు రెండు చనిపోగా, కుందేళ్ళలో వేయింటికి సుమారు పదునాలుగు చనిపోయినవి. కుందేళ్ళలోనే ఆరోగ్యవంతమైనవానిని వేఱుచేసి చూడగా వేయింటికి ఏడు. రోగముతో నున్నవానిలో వేయింటికి డెబ్బదికి పైబడినవి. మొదటిమారు మల్లి కొంత బలముగా నుండెను. మూడవమారునకు అది రెండవ తరగతిలో చేరినది. ఏడేండ్ల వయస్సు, చిక్కిన దేహము, ముక్కు వెంట చీమిడి, మే నెల ఎండలో నూఱు కిలోమీటర్లు. ముప్పది డిగ్రీలు దాటిన వేడికే కుందేలు ఒగర్చును. మన ప్రాంతమున మే నెలలో నలుబది దాటును.

తండ్రి వాదము డబ్బు వాదము. అందులో తప్పు లేదు. ఆ సంవత్సరము పత్తి అప్పు తీరలేదు, విత్తనములు కొనవలెను. ఆయన తన తల్లితో ననెను: "ఎద్దయితే అమ్మా, పని చేసింది గనుక చూపిస్తిమి. దీనికెందుకింత?" ముసలమ్మ వాకిట గరిక ఏరుచు, తల యెత్తక, ఇట్లనెను: "కరోనాల బడి లేనప్పుడు పిల్లగాడు రెండేండ్లు దాంతోనే ఉన్నడు బిడ్డా. అది పని కాదా?" ఆమె మూడవ ప్రయాణము చేయుమని కూడ చెప్పలేదు. పని చేయనిదని మాత్రము అననీయలేదు. మేము ఎద్దు మాట తెచ్చినందుకు లోపల కొంత నొచ్చుకొంటిమి.

బాలుడు నోరు విప్పలేదు. కాని యొక పుస్తకము తెచ్చి యిచ్చెను. ఫిబ్రవరి నుండి ప్రతి గురువారము కిరాణా దుకాణపు కాటాపై మల్లిని గంపతో తూచి, గంప బరువు తీసివేసి వ్రాసిన పుస్తకమది. దుకాణదారు మొదట పరిహసించి, తరువాత తానే కాటా తుడిచి యిచ్చెడివాడట. మేమిన్నాళ్ళు చెప్పిన మాటలన్నిటికంటె ఆ పుస్తకము తేటగా చెప్పినది. మొదటి చికిత్సకు ముందు 2,100 గ్రాములు, తరువాత 2,300. రెండవ చికిత్సకు ముందు 2,000, తరువాత 2,100. ఇప్పుడు 1,700. చికిత్స జరిగిన ప్రతిసారియు లేచినది నిజమే. కాని లేచిన ఎత్తు మునుపటి ఎత్తు కాదు. చికిత్సకును చికిత్సకును నడిమి కాలమును ఏడునుండి అయిదు వారములకు తగ్గినది. చెఱువు ప్రతి వర్షమునకు నిండుచున్నట్లే కనబడుచు, ప్రతి యేటను ఒక మెట్టు తక్కువ నిండినచో కట్టలో గండి యున్నదని రైతునకు తెలియును. శనిగరము చెఱువు క్రింద సేద్యము చేయువారికి ఈ లెక్క మేము నేర్పనక్కరలేదు.

తండ్రి ఆ పుస్తకమును చాలసేపు చూచెను. మూడవ ప్రయాణము వద్దని నిశ్చయించినది డబ్బు కాదని ఆయనకు తెలిసినందున కలిగిన ఉపశమనము ఆయన ముఖమున కనబడెను. డబ్బు లేదని చెప్పుట సిగ్గు కాదని మా అభిప్రాయము. కాని పిల్లవాని యెదుట ఆ మాట చెప్పవలసి రాకుండుట ఆ తండ్రికి మేలైనది.

ప్రయాణము వద్దనుట వైద్యము వద్దనుట కాదు. ఈ సంగతి చాలమందికి తోచదు. పెద్ద చికిత్స లేనిచో విడిచిపెట్టుటయే యనుకొందురు. మన పశువైద్యుడు హైదరాబాదు వైద్యునితో ఫోనులో మాటాడి, నొప్పి తగ్గుటకు మెలాక్సికాం అను మందును, బరువును బట్టి కొలిచి, దినమునకింతయని వ్రాసియిచ్చెను. ఈ మందు పేరు మన సభ్యులు గుర్తుంచుకొనవలెను. ముసలి పశువుల కీళ్ళనొప్పులకు పూర్వము డైక్లోఫెనాక్ ఇచ్చెడివారు. ఆ మందు పడిన పశువు చచ్చినపుడు దాని కళేబరమును తిన్న రాబందులు మూత్రపిండములు చెడి చచ్చుచున్నవని 2004లో తేలినది. అప్పటికే మన దేశపు తెల్లవీపు రాబందులు నూటికి తొంబదితొమ్మిది పాళ్ళు నశించినవి. 2006లో పశువులకు దాని వాడుకను మన ప్రభుత్వము నిషేధించినది. దానికి బదులుగా రాబందులకు హాని చేయనిదని ఎంచబడినది ఈ మెలాక్సికామే. కుందేలునకును ఎద్దునకును ఒకటే మందు. కొలత మాత్రము వేఱు, ఆ కొలత వైద్యుడే చెప్పవలెను.

నమలలేని కుందేలునకు మేత యెట్లు? లేత గరికను కత్తెరతో వ్రేలి గోరంత ముక్కలుగా కత్తిరించి, నీటిలో తడిపి పెట్టిరి. సంతలో దొరకు గడ్డిగుళికలను నానబెట్టి, ముద్దచేసి, సూదిలేని పిచికారీతో నోటి ప్రక్కనుండి కొంచెము కొంచెముగా ఇచ్చిరి. కుందేలు వాంతి చేసికొనలేదు. దాని కడుపు ఖాళీగా నుండరాదు. అర్ధదినము ఏమియు తినకున్నను, పెంటికలు వేయకున్నను ప్రేగులు నిలిచిపోవుచున్నవని ఎఱుగవలెను. అప్పుడు తెల్లవారుదాక ఆగరాదు. పెట్టె చుట్టును తడి గోనెపట్టా కట్టిరి. కుందేలు రాత్రివేళ తన మెత్తని పెంటికలను తానే తినును; అది దానికి ఆహారము, రోగము కాదు. ముసలితనమున వంగలేక తినలేకపోయినచో అవి వెనుక భాగమున అంటుకొని, వానలు పడగానే ఈగలు వ్రాలి, ఒక్క దినములో పురుగులు పట్టును. ముసలమ్మ ప్రతి ఉదయము పాలు పితికిన పిమ్మట మల్లిని వెల్లకిల పట్టి చూచి, గోరువెచ్చని నీట తుడిచెడిది. ఒకనాడు మూత్రము నారింజ రంగున నుండగా నెత్తురనుకొని ఇంటివారు బెదరిరి. తిన్న ఆకులను బట్టి కుందేలు మూత్రము అట్లు రంగు మారుట కలదు. అయినను ఆడుకుందేళ్ళకు నాలుగేండ్లు దాటిన తరువాత గర్భసంచిలో క్యాన్సరు పుట్టుట సాధారణము గనుక, వైద్యునికి చూపి నిశ్చయించుకొనుట మంచిదే.

ఇదంతయు ఎంతవరకు? ఈ ప్రశ్నను మే నెలలోనే, మల్లి ఇంకను చెవులు నిక్కించి తిరుగుచున్నపుడే, నిశ్చయించుకొనుడని పశువైద్యుడు చెప్పెను. ఆయన మాటలలో మాకు మిక్కిలి నచ్చినది ఇదియే. ఆపద ముంచుకొనివచ్చిన రాత్రి ఇంట నెవరికిని బుద్ధి నిలువదు. కుందేలు బలహీన జంతువు. నక్కకు, గ్రద్దకు తెలియకుండ నొప్పిని దాచుకొనుట దాని పుట్టుక. అఱవదు. కండ్లు సగము మూసి, వీపు గూనుచేసి, పండ్లు పటపట కొఱుకుచు మూల కూర్చుండును. చూచువారు నిద్రపోవుచున్నదనుకొందురు. కావున బాలుడు పుస్తకమున మరియొక గీత గీచి, ప్రతి సాయంత్రము మూడు సంగతులు వ్రాయసాగెను: పిలిచినపుడు లేచి వచ్చినదా, తన ముఖమును తానే ముందుకాళ్ళతో తుడుచుకొన్నదా, కొత్తిమీర కాడ చూపినపుడు ముక్కు కదల్చి దగ్గఱకు వచ్చినదా. తినలేకపోయినను సరే, కోరిక యున్నదా లేదా యని. మూడును వరుసగా రెండు దినములు లేనిచో వైద్యుని పిలువవలెనని తండ్రి, ముసలమ్మ, బాలుడు ఒప్పుకొనిరి. బాలుని తల్లి మొదట ఒప్పుకొనలేదు. చంపించుట పాపమని ఆమె యనెను. ఆమెను ఒప్పించుటకు మేము ప్రయత్నింపలేదు. నయముకాని బాధలో నున్న జంతువునకు బాధలేని అంతము కలిగించుటకు 1960వ సంవత్సరపు చట్టమున చోటున్నదని మాత్రము పశువైద్యుడు చెప్పెను. చట్టము చెప్పినంత మాత్రమున మనస్సు ఒప్పుకొనదని మాకు తెలియును. జూలైలో ఒక రాత్రి ఆమెయే మల్లి ప్రక్కన కూర్చుండి, పండ్ల చప్పుడు విని, తెల్లవారి మరేమియు అనలేదు.

మేలో నిర్ణయించినది మొదలు మల్లి పదునాలుగు వారములు బ్రతికినది. హైదరాబాదు పోయినచో ఇంకెంత బ్రతికియుండునో ఎవరు చెప్పగలరు? ఆ పదునాలుగు వారములలో ఎక్కువ దినములు పుస్తకమున మూడు గుర్తులును ఉన్నవి. ఆగస్టు రెండవ వారమున ఒకనాడు ముఖము తుడుచుకొనలేదు. మరునాడు పిలిచినను లేవలేదు. ఆ రెండు దినములును కొత్తిమీర కాడ పెట్టిన చోటనే వాడినది.

పశువైద్యుడు సాయంత్రము వచ్చి, మొదట నిద్రమందిచ్చి, బాలుని ఒడిలోనే నిద్రపోనిచ్చి, తరువాత రెండవ సూది వేసెను. ఆ రెండవ మందు దేహములో నిలిచియుండును గనుక కుక్కలు గాని పక్షులు గాని తవ్వి తినకుండ లోతుగా పాతిపెట్టుడని చెప్పి పోయెను. తండ్రి గడ్డపారతో చేని గట్టున వేపచెట్టు క్రింద నడుములోతు గుంట త్రవ్వెను. ఆ రోజు వైద్యునకును మందునకును అయినది ఒక్క యూరియా బస్తా వెలకు తక్కువ.

పుస్తకము ఇంకను వారి యింటనే యున్నది. ముందువైపు మల్లి లెక్క అట్లే యుండగా, వెనుకవైపు నుండి బాలుడు బఱ్ఱెదూడను వారమువారము తూచి వ్రాయుచున్నాడు. దూడ కిరాణా కాటాపై పట్టదు గనుక, ఛాతీ చుట్టుకొలత టేపుతో కొలుచుచున్నాడట. ఆ కొలతనుండి బరువు కట్టుట ఎట్లో చెప్పుమని మాకు కబురంపెను.